గాలి పడమటికి

వాల్తేరు స్టేషన్లో దిగేసరికి ఉదయం ఆరున్నర. చైనా యుద్ధం ముగిసిన మరుసటి వేసవి. కిట్‌బ్యాగు, రైఫిలు, ఎనామెల్ మగ్గు, ఒక దుప్పటి. మంచు కొండలకు పంపుతారని గుండె గట్టి చేసుకున్నవాణ్ణి, సముద్రం ఒడ్డున కాపలాకు పంపారు. కొండ కొసన ఇసుక బస్తాల గోడ, పైన రేకులు, ఒక వైర్‌లెస్ సెట్టు, ఒక బైనాక్యులరు. హవల్దారు ఆర్డరు రెండు ముక్కల్లో చెప్పాడు. ఏ ఓడ కనపడినా రిజిస్టరులో రాయాలి. గంటకోసారి గాలి ఎటు పోతోందో రాయాలి.

ఆ ఊళ్లో రాయడానికి ఇంకేమీ ఉండేది కాదు. వీధులు ఏటవాలుగా సముద్రం దాకా దిగేవి. పొద్దున్నే చేపల గంపలు వచ్చి వెళ్లిపోతే, మళ్లీ సాయంత్రం గుమాస్తాల సైకిలు బెల్లులు వినపడేదాకా మనిషి అలికిడి లేదు. యుద్ధం గురించి ఎవరూ అడగలేదు. మా పల్లెలో మాత్రం నేను తూటాల మధ్య తిరుగుతున్నానని చెప్పుకునేవారట. నేనేమో ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా రైఫిలుకు నూనె పూస్తూ కూర్చున్నాను. సిగ్గుగా ఉండేది.

మాది కొత్తచెరువు దగ్గర పల్లె. ముఖం కడిగిన నీళ్లు ఎద్దుల కుడితి తొట్టిలో పోసే ఇల్లు. ఇక్కడ నేను అర మగ్గుతో పళ్లెం కడుగుతుంటే, ఆ ఊరివాడే అయిన వైర్‌లెస్ ఆపరేటరు నవ్వేవాడు.

"ఏటి బావూ, నీళ్లనుకున్నావా, నెయ్యనుకున్నావా?"

జూన్ చివర్లో ఒకనాడు నాది పన్నెండు నుంచి ఆరు దాకా డ్యూటీ. రెండుంబావుకు తూర్పున మబ్బు లేచింది. మూడింటికి సముద్రం కనపడలేదు. నాలుగింటికి వాన మొదలై మూడు రోజులు కురిసింది. అంత నీటిని నేను పుట్టి ఎరగను. 'గాలి పడమటికి' అని ఆరుసార్లు రాశాను. ఆ మాటే నా కొంప ముంచింది. పడమర అంటే నా లెక్కలో మా ఊరే. బైనాక్యులరు చేతిలో ఉంటే చాలు, ఆకాశం నా చెప్పుచేతల్లో ఉన్నట్టు లెక్క.

ఆపరేటరు వద్దనే అన్నాడు. "మబ్బుకి మీ ఊరి దారి ఎవులు సెప్పారు?"

నేను వినలేదు. కార్డు రాశాను: "నాయనా, ఈడ మబ్బు లేచింది. గాలి పడమటికి పోతాండాది. నా కండ్లతో చూసినాను. ఇత్తనం ఏసెయ్."

మా నాయన జానెడు పదును దిగందే విత్తడానికి గొర్రు కట్టని మనిషి. వాన నేలలోకి దిగిందో లేదో వేలు పెట్టి చూసేవాడు. ఇంట్లో ఉన్నవి ఒక్క విత్తుకు సరిపోయే వేరుశెనగ గింజలు. అవి పోతే మళ్లీ విత్తనం కోసం ఎద్దులను అమ్ముకోవాల్సిందే.

ఆగస్టులో జవాబు వచ్చింది. మా ఊరి టైలరు మస్తాన్ మామ రాసింది. ఊళ్లో ఎవరి కార్డయినా చదివేదీ రాసేదీ ఆయనే. నా కార్డు చదవగానే నాయన, కొడుకు మిలిట్రీలో మబ్బులకు కావలుండాడని ఊరంతా చెప్పుకున్నాడట. మరునాడే పొడి దుక్కిలో విత్తేశాడట. నాలుగు చినుకులు పడ్డాయి, గింజ ఉబ్బింది, మళ్లీ ఎండ కాసింది. ఎద్దులు సంతకు పోయాయి. చివర ఒక్క ముక్క: "లీవు దొరికితే వచ్చిపో అప్పా."

హవల్దారు కార్డు చదివించుకుని పదిహేను రోజులు లీవు రాయించాడు. రైళ్లు మారి ధర్మవరంలో దిగాను. అక్కడి నుంచి బస్సు, తర్వాత నడక. ఇంటి కొట్టంలో రెండు గుంజలు ఖాళీగా ఉన్నాయి. నాయన చేనులో ఉన్నాడన్నారు. యూనిఫారంతోనే పోయాను. ఆ బట్టలు మార్చుకుని పోవాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను.

నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను కాళ్లు పట్టుకుని ఏడ్చాను. లేపి, వీపు మీది దుమ్ము దులిపాడు.

"మబ్బును నేను ఏ పొద్దూ నమ్మలేదప్పా. నీ చేతి రాత అని ఏసినాను."

తిట్టి ఉంటే బాగుండేది. వేసవి రాకముందే నాయన పోయాడు. అప్పుడు నేను మళ్లీ ఆ కొండ మీదే ఉన్నాను, గంటకోసారి గాలి రాస్తూ. ఇంకో నాలుగేళ్లకు సర్వీసు ముగించుకుని ఇల్లు చేరాను. యుద్ధం సంగతి చెప్పమని పిల్లలు అడుగుతారు. ఒక్క తూటా పేల్చలేదని చెబితే నమ్మరు.

నాకు కనపడేది మాత్రం ఆ రోజు చేనే. నేను గట్టు దిగుతున్నాను, ఆయన ఇంకా నన్ను చూడలేదు. సాలులో మోకాళ్ల మీద కూర్చుని, కొడవలి కొసతో మట్టి తవ్వుతున్నాడు. చీమలు తినగా మిగిలిన గింజను తీసి, పంచెకు తుడిచి, పంటి కింద పెట్టి చూశాడు. పుచ్చు. ఉమ్మేశాడు. ఇంకో జానెడు జరిగి మళ్లీ తవ్వాడు.