నడింట్లో సముద్రం

మా ఇంటాయన మద్రాసులో సముద్రపు చేపల అద్దాల తొట్టి చూసొచ్చినప్పటి నుంచి, కురుగోడులో మా ఇంట్లోనూ అట్లాంటిది కట్టాలని ఒకటే పట్టు. ఆ పనికి ఈ పొద్దు ముహూర్తం వచ్చింది. నడింట్లో బండల మీద సుద్దముక్కతో మంచమంత గీత గీసినారు. ఈడ పగడపు రాళ్లంట, ఆడ రంగురంగుల చేపలంట, ఉప్పునీళ్లేమో పీపాల్లో రైలెక్కి వస్తాయంట.

మా అత్త బియ్యంలో రాళ్లు ఏరుకుంటా అంతా వినింది.

"నీళ్లెన్ని పడతాయప్పా?"

"నూరు బిందెలన్నా పడతాయిమా," అన్నారు ఈయన గర్వంగా.

"మరి నువ్వు నిలబడిండే బండ కింద ఏముండాదో గుర్తుండాదా?"

ఏడాదికి సరిపడా జొన్నలు పోసిన పాతర ఉండాది! ఆ నీళ్ల బరువుకు బండ విరిగితే మా రొట్టెలన్నీ సముద్రం పాలే. తొట్టి ఇంకా రాకముందే ఈయన నిప్పు తొక్కినట్టు పక్కకు దూకినారు.

సాయంత్రం ఇల్లు ఊడుస్తా ఉంటే ఆ గీత చెరపబుద్ధి కాలేదు. దాని లోపల ముగ్గుపిండితో రెండు చేపలు వేసినాను. ఈయన వచ్చి, వంగి చానాసేపు చూసి, "సముద్రపు చేపకు తోక అట్లుండదు," అన్నారు.

ఈయన పట్టు వదిలేట్టు లేరు. ఇంక మీరే చెప్పండి, మా పాతరను యాడికి జరపాల?