ప్లేట్లక్క పదకొండు శుక్రవారాలు

ప్రయోగశాలలో బ్యాక్టీరియాను పెంచే ప్లేట్లు సిద్ధం చేసే ఆమెను అందరూ ప్లేట్లక్క అంటారు. తీగ కొసతో పాత ప్లేటులోంచి కాస్త బ్యాక్టీరియా తీసి కొత్త ప్లేటు మీద గీయడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఆ సంగతి ఆమెకూ తెలుసు, కాస్త ఎక్కువగానే తెలుసు.

పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి ఆమెకు ఒక కొత్త రకం బ్యాక్టీరియాను అప్పగించింది. దాంట్లో ఒక ఎంజైమును తీసేశారు. డీఎన్ఏ మీద గుర్తులు పెట్టడం ఆ ఎంజైము పని. నకలు తీసేటప్పుడు తప్పు దొర్లితే, గుర్తు ఉన్న పాత పోగును వదిలి, లేని కొత్త పోగును కణం దిద్దుకుంటుంది. గుర్తులే లేకపోతే ఏది అసలో ఏది నకలో తెలియక ఒక్కోసారి అసలునే దిద్దేస్తుంది. అలా తప్పులు పేరుకుపోతాయి.

"ప్రతిసారీ ఫ్రీజర్‌లో దాచిన అసలు దాంట్లోంచే తియ్యక్కా. ప్లేటు నుంచి ప్లేటుకు వద్దు," అంది అమ్మాయి.

ప్లేట్లక్క తల ఊపింది. కానీ ఫ్రీజర్ మాటిమాటికీ తెరిస్తే మిగతావన్నీ పాడవుతాయని ఆమె నమ్మకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పదకొండు శుక్రవారాలు ప్లేటు నుంచి ప్లేటుకే గీసింది.

ఎంజైము లేని ఆ బ్యాక్టీరియా పైత్యరసం తగిలితే చావాలి. ప్లేట్లక్క ఇచ్చినదాన్ని అమ్మాయి పైత్యరసం కలిపిన ప్లేట్లలో వేస్తే మాత్రం దర్జాగా పెరిగింది. "ఇది ఇంతవరకు ఎవరూ చూడలేదక్కా," అంటూ ఆమె రెండు రోజుల్లో వ్యాసం రాసేసింది. సోమవారం పత్రికకు పంపుదామన్నాడు ప్రొఫెసర్. పదకొండు వారాలు పేరుకున్న తప్పులే దాన్ని మార్చేసి ఉంటాయని తట్టి, ప్లేట్లక్కకు నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. అడిగేవాళ్లు లేరు. పదవీ విరమణకు నాలుగు నెలలే ఉన్నాయి. అయినా భయం వేసింది, సిగ్గూ వేసింది.

శనివారం పొద్దున్నే ప్రొఫెసర్ గదికి వెళ్లి చెప్పేసింది. ఫ్రీజర్‌లోంచి తీసిన దానితో మళ్లీ పరీక్ష పెట్టారు. సోమవారానికి ప్లేటు ఖాళీ, పైత్యరసానికి ఒక్కటీ బతకలేదు. అమ్మాయి కుర్చీలో కూలబడి ఏడ్చింది.

"ఊరుకుంటే ఎవరికి తెలిసేదమ్మా?" అన్నాడు ప్రొఫెసర్, కోపం లేకుండానే.

"తప్పు ఈ అమ్మాయి పేరు మీద అచ్చయ్యేది సార్. నా పేరు ఎక్కడా ఉండదుగా."

ఆయన ప్రయోగాల పుస్తకం తెరిచి, జరిగింది రాసి సంతకం పెట్టమన్నాడు. రాయడం అయ్యాక సంతకం ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు. అమ్మాయి కళ్లు తుడుచుకుని వచ్చి చోటు చూపించింది. ఇరవై ఆరేళ్లలో ఆ ప్రయోగశాల పుస్తకాల్లో ప్లేట్లక్క పేరు పడటం అదే మొదటిసారి.