మేడం ఉంచుకోని తాళంచెవి

మొన్న హైదరాబాదులో, తార్నాకలోని బ్యాంకుకు వెళ్ళాను. కౌంటరులోని అమ్మాయి పాస్‌వర్డ్ కొడుతుంటే కీబోర్డు టకటకలాడింది. నా తల దానంతటదే పక్కకు తిరిగింది. సుభద్ర మేడం దగ్గర అబ్బిన అలవాటు అది. మేము పాస్‌వర్డ్ కొట్టే ప్రతిసారీ ఆవిడ మాట మధ్యలో ఉన్నా ఆపి, కిటికీ వైపు చూసేవారు. ఆవిడ పోయి ఇంకా నెల కాలేదు.

మేడం నా పరిశోధనకు గైడు. గుడివాడ వైపు మనిషి, పెళ్ళయ్యాక తార్నాకలో స్థిరపడ్డారు. కంప్యూటరులోని సమాచారాన్ని ఎవరు చూడవచ్చు, ఎవరు చూడకూడదు అన్నదే మా పని. క్యాంపస్ ఆసుపత్రిలో విద్యార్థుల వైద్య వివరాలు దాచడానికి ఒక ఏర్పాటు తయారుచేశాం. డాక్టరు పాస్‌వర్డూ, రోగి సొంత పాస్‌వర్డూ రెండూ కొడితేనే అది తెరుచుకుంటుంది. అత్యవసరానికి, ఆ రెండూ లేకుండానే తెరిచే తాళంచెవి లాంటి పాస్‌వర్డ్ ఒకటి మా ల్యాబు దగ్గర ఉండాలని నేను పట్టుబట్టాను. ఆవిడ ఒప్పుకోలేదు. ఎందుకని అడిగితే, అవసరం లేదన్నారంతే.

అవి తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న రోజులు. అడిక్‌మెట్‌లో మేముండే గదిలో ఈ సంగతి చెబితే నా రూమ్మేటు యాదగిరి నవ్వాడు.

"ఆమె ఆంధ్రామె, నువ్వు నల్లగొండోనివి. నీ చేతికి తాళంచెవి ఎందుకిస్తదిరా?"

అదే నిజమనిపించింది. కొన్నాళ్ళు మేడంతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఆవిడ గమనించే ఉంటారు. మధ్యాహ్నం ఆవిడ తెచ్చే డబ్బాలో నా వంతు పెసరట్టు మాత్రం ఎప్పటిలాగే ఉండేది.

ఆ తర్వాత ఒక ఊరేగింపు మీద లాఠీచార్జి జరిగింది. యాదగిరి మోచెయ్యి విరిగింది. క్యాంపస్ ఆసుపత్రిలోనే కట్టు కట్టించుకున్నాడు. మర్నాడు ఒక పోలీసు అధికారి మా ల్యాబుకు వచ్చి, దెబ్బలతో వైద్యం చేయించుకున్న వాళ్ళ పేర్లు అడిగాడు. డాక్టరు తన వల్ల కాదన్నాడట. కేసు పడితే సర్కారు కొలువు మీద ఆశ వదులుకోవాల్సిందే. యాదగిరి ఆ కొలువు కోసమే చదువుతున్నాడు.

"మీదీ కృష్ణా జిల్లాయేనటగా మేడం. ఈ గొడవలు మనకెందుకు? ఇచ్చేయండి" అన్నాడు అధికారి, గొంతు పెంచకుండానే.

"నా దగ్గర తాళంచెవి లేదండీ."

"తయారుచేసింది మీరే కదా?"

"మేమే. అందుకే లేదని చెప్పగలుగుతున్నాను."

అతనికి నమ్మకం కుదరలేదు. ఆవిడ నన్ను తెరిచి చూపించమన్నారు. ఎన్ని విధాల ప్రయత్నించినా తెర మీద రోగి పాస్‌వర్డ్ అడిగే గడి దగ్గరే ఆగిపోయింది. మేడం భర్త ఏ ఆఫీసులో పనిచేస్తారో అడిగి రాసుకుని, అతను వెళ్ళిపోయాడు.

మేడం లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చారు. ఇలా జరుగుతుందని ముందే ఊహించారా అని అడిగాను.

"లేదు నాయనా. నా సంగతి నాకు తెలుసు, అంతే. తాళంచెవి ఉండుంటే ఇవాళ ఇచ్చేసేదాన్ని."

గదికి వెళ్ళి యాదగిరికి ఆ మాట చెప్పాను. "గట్ల ఎవరైనా ఒప్పుకుంటరా?" అన్నాడు వాడు.

ఇప్పుడు నేనొక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పిల్లల మార్కులు, ఇళ్ళ చిరునామాలు, ఫీజు మాఫీ కోసం వాళ్ళు రాసుకున్న ఇంటి కష్టాలు, అన్నీ చూసే అధికారం నాకివ్వాలని ఈ ఏడు నిర్ణయించారు. నా పనికి అవసరం లేదని వద్దన్నాను. మా మీద నమ్మకం లేదా అని ప్రిన్సిపాల్ నొచ్చుకున్నారు.

మీ మీద కాదండీ, నా మీదే అన్నాను.