నాలుక మీది బలపం పొడి

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోయడం అలవాటైంది కానీ బరువు తగ్గలేదు. ఎవరి ముందూ తల వంచని ఇంటివాణ్ణి. పేరు చెప్పలేను. ఇందులోనూ గర్వమే ఉందేమో, మీరే చూడండి.

మా తాత మార్కాపురం నుంచి పలకలు, బలపాలు లారీలకెత్తించి ఊరూరికీ పంపిన మనిషి. నా చేతికొచ్చేసరికి మిగిలినవి ఒక పాత మిద్దె, వెనక గదిలో అమ్ముడుపోని బలపాల పెట్టెలు. గేదెలు పోయాయి. వాటితో పాలూ పెరుగూ పోయాయి. మధ్యాహ్నం గంజి తాగేటప్పుడు వీధి తలుపుకు గడియ పెట్టించేవాణ్ణి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, ఆ ఇల్లు మాది.

అప్పుడు నా కూతురికి ఏడేళ్లు. తరచూ కడుపునొప్పి అనేది. మిద్దె మెట్లెక్కితే ఆయాసం. బడిలో నిద్ర. ఒకరోజు వెనక గదిలో, పెట్టెల చాటున కూర్చుని బలపాలు కరకరా నములుతూ నా కంటపడింది. పెదవులు తెల్లగా ఉన్నాయి. అది బలపం తెలుపా, ఒంట్లో రక్తం లేని తెలుపా? ఆ ప్రశ్న ఆరోజే వేసుకోవలసింది.

నాకు తెలియక కాదు. తిండి చాలక రక్తం తగ్గినా, కడుపులో పురుగులున్నా పిల్లలు మన్నూ సుద్దా తింటారని బడిలో చెబుతూనే ఉన్నారు. కానీ అది కూలివాళ్ల పిల్లలకు వచ్చేదని నా నమ్మకం. బడిలో పురుగుల మాత్రలు పంచుతుంటే, మా పిల్లకు అక్కర్లేదని స్వయంగా వెళ్లి చెప్పి వచ్చాను.

నొప్పి మరీ ఎక్కువైతే ఆస్పత్రికి తీసుకెళ్లాను. లోపలికి వెళ్లేముందు కుళాయి దగ్గర ఆగి, నాలుక చాపమన్నాను. బలపం పొడి ఉంది. నోరు పుక్కిలించమని, నా కండువా అంచుతో నాలుక తుడిచాను. అప్పుడు నా చేయి వణకలేదు. ఈనాటికీ నన్ను పీడించేది అదే.

డాక్టరమ్మ పిల్ల కనురెప్ప కిందికి లాగి చూసింది.

"పాలిపోయిందే పిల్ల! మన్ను, బలపాలు ఏమన్నా తింటాదా అన్నా?"

"మా ఇంట్లో పిల్లలు నెయ్యి తింటారమ్మా. మన్ను తినరు."

ఆమె నవ్వింది. "నెయ్యి తినే పిల్ల ఇట్లెందుకుంటాది? ఏం పాపా, నువ్వు చెప్పు. బలపం రుచిగుంటాదా?"

పిల్ల నోరు తెరవబోయింది. నేను దాని చేయి నొక్కాను. గట్టిగానే నొక్కాను. నా ముఖంలోకి చూసి, "తినను" అంది.

"సరే, రక్తపరీక్ష రాస్తా. చేయించుకొని రాండి."

"మా వంశంలో అందరిదీ ఈ తెలుపేనమ్మా. నొప్పికి మందు రాయండి, చాలు."

"తెలుపు వేరే, పాలిపోవడం వేరేనన్నా. ఇంక నీ ఇష్టం."

పరీక్ష చేయించలేదు. ఎందుకు? రక్తం లేదని తేలితే, ఇంట్లో ఏం పెడుతున్నారని అడుగుతారు. గంజి అని చెప్పుకోవాలి. ఆ ఒక్క ప్రశ్న ఎదురవకుండా ఉండటానికి బిడ్డ ఒంటిని అట్లాగే వదిలేశాను. పెట్టెలు అటక మీదికెక్కించాను. తర్వాత అది గోడ సున్నం గీకి తినేది. చూసీ చూడనట్టు ఉన్నాను. పుస్తకం మీదే తల వాల్చి నిద్రపోతే సోమరి అన్నాను, మొద్దు అన్నాను. చుట్టాల ముందు కూడా అన్నాను. పదో తరగతి తప్పింది. చదువు అక్కడితో ఆగింది.

పెళ్లయి కడుపుతో ఉన్నప్పుడు దానికి రక్తం పెరిగే మాత్రలిచ్చారు. "ఇంత ఓపిక నాకెప్పుడూ లేదు నాయనా" అని ఆశ్చర్యపోయింది. నేను లేచి బయటికి వెళ్లిపోయాను.

మొన్న దర్శిలో వాళ్లింటికి వెళ్లాను. మనవరాలు లెక్కలు గబగబా చేస్తుంటే నా కూతురు మురిసిపోయి, "నీకు నా తెలివి రాలేదు, బతికిపోయినావు. నేను పెద్ద మొద్దును. కాదా నాయనా?" అంది నవ్వుతూ.

"అవునమ్మా" అన్నాను.

ఆస్పత్రిలో చెప్పిన అబద్ధం పరువు కోసం. మరి ఇది దేనికోసం? దాని కళ్లలోకి చూసి నిజం చెప్పే ధైర్యం లేకనే కదా. దానికి చెప్పలేనిది మీకు చెబుతున్నాను. నా బిడ్డ మొద్దు కాదు. సోమరీ కాదు. దాని ఒంట్లో రక్తం లేదు, ఆ సంగతి నాకు తెలుసు. నాలుక తుడిచింది నేనే.