బాబాయ్ కోసిన గ్లాసులు

మా బాబాయ్ రోజూ పొద్దున్నే టీ తాగే ముందు గ్లాసుతో మైదా ముంచుతాడు. అంచు మీద స్కేలు లాగి చదును చేసి, ఆ పిండిని కాటా మీదకు వంచి, అంకె చూసి నిట్టూరుస్తాడు. తర్వాత అదే గ్లాసు పిన్ని ముందుకు జరుపుతాడు, టీ పొయ్యమని. కడగాలన్న ఆలోచన ఆయనకు రాదు. వాళ్లింట్లో టీ ఎప్పుడూ కాస్త చిక్కగా ఉంటుంది అందుకే.

నేను చదువు కోసం వాళ్లింట్లో ఉన్నప్పుడు మొదలైంది ఈ పిచ్చి. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా రిటైరయ్యాక చేతులు ఊరుకోక స్టీలు గ్లాసుల మీద పడ్డాడని పిన్ని అనేది. గ్లాసుడు మైదా సరిగ్గా నూరు గ్రాములు తూగాలని ఆయన పంతం. ఎక్కువ తూగితే గ్లాసు అంచు రంపంతో కోసి, ఆకురాయితో రుద్ది, మళ్లీ ముంచి తూచేవాడు. ఒక్క రవ్వ ఎక్కువ కోశాడా, ఆ గ్లాసు వంటింటికి దిగిపోయేది. పిండికి పనికిరానిది మనుషులకు చాలునని ఆయన నమ్మకం.

అలా మా టీ రోజురోజుకీ తగ్గిపోయింది. పక్కింటి మాస్టారు ఒకసారి తనకిచ్చిన గ్లాసును నాలుగు వైపులా తిప్పి చూసి, "ఇది గ్లాసామ్మా, మూతా?" అని అడిగారు.

"నిన్నటిదాకా గ్లాసేనండీ," అంది పిన్ని.

జల్లించిన పిండి తేలిగ్గా, డబ్బా అడుగున అణిగిన పిండి బరువుగా తూగేది. ఒకే గ్లాసుకు రెండు అంకెలు. పిండికి మాట మీద నిలకడ లేదని బాబాయ్ అన్నం మానేసినంత పని చేశాడు.

కాటా ఉండగా ఈ తిప్పలెందుకని నేనే అడిగాను ఓ రోజు.

"కాటా అయితే చదవాలి కదమ్మా. గ్లాసు చదవక్కర్లేదు," అన్నాడు. చదువుకునేదాన్ని నేనైనా ఆ ముక్క నాకు అర్థం కాలేదు.

వీధి చివర బేకరీ మా అత్తయ్యది, అంటే బాబాయ్ అక్కది. నా పొద్దుటి ఆకలి తీర్చింది ఆ బ్రెడ్డే. ఒక్కనాడూ డబ్బు పుచ్చుకోలేదావిడ. అలాంటి బ్రెడ్డు ఆ మధ్య ఒకరోజు రాయిలా, ఒకరోజు జిగటగా రాసాగింది. పాత ఖాతాదారులు మొహమాటంతో ఏమీ అనకుండా పక్క వీధికి మళ్లారు. అత్తయ్య పిండిమిల్లును తిట్టింది, ఓవెన్‌ను తిట్టింది. చివరికి కొట్టు అమ్మేస్తానంది.

మర్నాడే బాబాయ్ తన మేటి గ్లాసును పట్టుకెళ్లి, ఇకనుంచి దీంతోనే కొలవమన్నాడు. తమ్ముడి పిచ్చి ఎరిగిందే కాబట్టి ఆవిడ నవ్వి తీసుకుంది. ఆ పూట పిండి పల్చబడి, బ్రెడ్లన్నీ నడుములు విరిగి కుంగిపోయాయి.

నేను బ్రెడ్డు కోసం వెళ్లేసరికి అక్కాతమ్ముళ్లు పిండిబస్తా దగ్గర నిలబడి ఉన్నారు.

"నీ చెయ్యి సమ్మెట, నాది ఈక. నువ్వు అదిమి ముంచిన లెక్క నాకెలా సరిపోతుందిరా?" అంటోంది అత్తయ్య.

"అయితే నీ చేత్తోనే ముంచక్కా."

ఆవిడ ముంచి కాటా మీదకు వంచింది. ఎనభై మూడని ఆయన పైకి చదివాడు. అప్పుడు గమనించాను, అత్తయ్య అసలు కాటా వైపు చూడటమే లేదు. మెల్లగా అడిగింది:

"నాకు అంకెలు కనబడట్లేదని ఎప్పుడు తెలిసిందిరా?"

"నాకేం తెలీదు. నా గొడవ గ్లాసుతో."

తేలిక చేతికి పెద్ద గ్లాసు కావాలి. కొయ్యని పెద్ద గ్లాసు ఇంట్లో ఒక్కటీ మిగల్లేదే! బాబాయ్ వంటగట్టు దగ్గర దిగాలుగా కూర్చుంటే నేను సంగతంతా పిన్నికి చెప్పాను. పిన్ని లోపలికెళ్లి, బీరువాలో చీరల కింద మొగుడి కంటపడకుండా దాచిన పెద్ద గ్లాసు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

"వదిన చేత్తో కొలిచాకే కొయ్యండి. ఇంక నా దగ్గర లేవు," అంది.

ఇప్పుడు అత్తయ్య ఆ గ్లాసుతోనే పిండి ముంచుతుంది, వేలితో అంచు తడిమి చదును చేస్తుంది. పొద్దున ఏడు గంటలకల్లా బ్రెడ్డు అయిపోతుంది. బాబాయ్ ఇంట్లో మాత్రం టీ ఇప్పటికీ రెండుసార్లు పోయించుకోవాలి.