తన వీధికి తానే తీసిన కరెంటు

వాకాడు దగ్గరి ఒక సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్లందరూ మగవాళ్లే, జబీనా ఒక్కతే ఆడమనిషి. ఐటీఐ చదివి కాంట్రాక్టు ఉద్యోగంలో చేరింది. పెళ్లయ్యాక ఇంట్లో మానెయ్యమన్నా వినలేదు. పనిలో ఆమెను వేలెత్తి చూపినవాళ్లు లేరు.

కరోనా లాక్‌డౌన్‌లో ఊరంతా ఇళ్లలో కూర్చుంటే జబీనాకు మాత్రం డ్యూటీ తప్పలేదు. అత్త జాన్‌బీకి ఉబ్బసం. తన వల్ల ఇంట్లోకి జబ్బు వస్తుందేమోనని భయపడి సబ్‌స్టేషన్ వెనక గదిలోనే మకాం పెట్టింది. ఐదేళ్ల కూతురు అఫ్రీన్ తోడికోడలు కరీమూన్ దగ్గర ఉండిపోయింది. కరీమూన్‌కు పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లల్లేరు.

ఐస్ ఫ్యాక్టరీలు, రైసుమిల్లులు మూతపడటంతో మొదట్లో లోడు బాగా పడిపోయింది. వోల్టేజి పెరిగి ఇళ్లలో బల్బులు మాడిపోకుండా కాచుకోవడమే పనైంది. ఎండలు ముదిరాక అంతా తిరగబడింది. మధ్యాహ్నమైతే ప్రతి ఇంట్లోనూ ఫ్యాన్లు, కూలర్లు, టీవీలు ఒక్కసారిగా నడిచేవి. మిల్లుల లైను ఖాళీగా పడి ఉంటే ఇళ్ల లైన్లు మోయలేకపోయేవి.

జబీనా మీటరు ముల్లునే చూస్తూ కూర్చునేది. అది పైకి లేచిందంటే ఆ ఇళ్లన్నిట్లో జనం అన్నాలు తిని, పిల్లల్ని పక్కలో వేసుకుని పడుకున్నారన్నమాట. చూసేకొద్దీ ఆమెకు కడుపు మండేది. ఊరందరి మీదా ఉన్న ఆ మంట పోనుపోను కరీమూన్ ఒక్కదాని మీదికి చేరింది.

"అమ్మా, చిన్నమ్మ నాకు రెండు జడలేసింది. నువ్వేసినట్టు నొప్పి పుట్టలేదు," అంది అఫ్రీన్ ఒకరోజు ఫోన్‌లో.

"నీకోసం ఏడవకుండానే ఉండాదిలే, దిగులు పడబాక," అన్నాడు భర్త ఆఫ్తాబ్. ధైర్యం చెప్పాననుకున్నాడు అతను. ఆ మాటకే జబీనాకు ఆ పూట అన్నం సయించలేదు.

రంజాన్ నెలలో ఒక మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ బాగా వేడెక్కింది. కొంతసేపు ఒక లైను ఆపమని పైఆఫీసు నుంచి ఫోనొచ్చింది. "నిన్న మీ వీధులకు తీసినాం. ఈ పొద్దు రేవు వైపు వంతమ్మా," అని పొద్దుటి డ్యూటీ చేసిన తోటి ఆపరేటర్ మాలకొండయ్య దిగిపోయేటప్పుడు చెప్పే వెళ్లాడు. జబీనాకు ఆ మాట గుర్తుంది. అయినా ఆ క్షణంలో కూలర్ ముందు కరీమూన్ ఒళ్లో నిద్రపోతున్న కూతురే కళ్లముందు మెదిలింది. తన వీధి బ్రేకరే నొక్కి కరెంటు తీసేసింది.

కాసేపటికే కరీమూన్ ఫోన్ చేసింది.

"అక్కా, నువ్వే తీసినావా?"

"లోడెక్కువైంది," అంది జబీనా ముక్తసరిగా.

"అదే అనుకున్నా. లోడుతో అవస్థ పడతా ఉండానని నువ్వు మొన్న చెప్పిన కాణ్ణించి కూలర్ ఆపేసినా. అందరం ఒక్క ఫ్యాను కిందే ఉండాం. పక్కిళ్లోళ్లకీ చెప్పినా, మా అక్క ఆడ ఒక్కతే ఉండాది, కాస్త తగ్గించుకోండని. ఇంకేమన్నా ఆపమంటావా?"

వెనక నుంచి దగ్గు వినిపించింది.

"అత్తకెట్టుండాది?"

"వద్దన్నా వినకుండా రోజా పట్టింది, మంచినీళ్లు గూడా తాగడంలే. ఉక్కకి ఆయాసపడతా ఉండాది. నేను విసురుతుండాలే."

జబీనా ఫోన్ పెట్టేసి తన వీధికి కరెంటిచ్చింది, రేవు వైపు తీసింది. అయినా మనసు తేలిక పడలేదు. కరీమూన్ గయ్యాళి అయినా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక సాకన్నా దొరికేది అనిపించింది.

ఆంక్షలు సడలాక ఇంటికి వచ్చింది. అఫ్రీన్ పరుగెత్తుకొచ్చి కావలించుకుంది. భోజనాల దగ్గర మాత్రం అలవాటుగా కరీమూన్ పక్కనే కూర్చుంది.

"మీ అమ్మ దగ్గరికి పో," అని కరీమూన్ మెల్లగా తోసింది. పిల్ల కదల్లేదు.

"ఉండనీలే," అంది జబీనా. కొంచెం ఆగి, "రేపట్నించి నాకు పొద్దుటి డ్యూటీనే. మాలకొండయ్యన్నతో మార్చుకున్నా. మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటా. పాపను ఇక నేనే చూసుకుంటా," అంది.

కరీమూన్ మంచిదే అన్నట్టు తలూపింది. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆమె మొహం వాడిపోవడం జబీనా చూసింది. చూసి జాలిపడలేదు. లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడి, పప్పుగిన్నె తోడికోడలి వైపు జరిపింది.

వంతు కాకున్నా తన వీధికి కరెంటు తీసిన ఆ మధ్యాహ్నం సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.