పొయ్యి దగ్గర నిలబడితే ఏం కనబడాలి

వంటింట్లో పొయ్యి ఎక్కడ పెట్టాలో తేల్చలేక రెబెక్కమ్మ మేస్త్రీ కామాక్షయ్య ప్రాణం తోడేస్తోంది. కోట ఊళ్ళో కొత్త ఇల్లు దాదాపు అయిపోయింది. తలుపులు ఎక్కాయి, గోడలకు రంగులు పడ్డాయి. ఆగిందల్లా వంటగట్టు దగ్గరే. కూతురు ఏంజెలిన్ నెల్లూరు నుంచి తెప్పించి ఇచ్చిన పొయ్యి గట్టు మీద పెట్టుకుని, నచ్చకపోతే పక్కకు జరుపుకునే రకం కాదు. గట్టు మీది నల్లరాయికి కన్నం కోసి, అందులోకి దించి బిగించాలి. కన్నం పడ్డాక ఇక దాని చోటు మారదు. ఆ ముక్క విన్న దగ్గర్నుంచే రెబెక్కమ్మకు బెంగ పట్టుకుంది.

ఆగ్నేయ మూల పెట్టమని కామాక్షయ్య మొదటి రోజే చెప్పాడు. రెబెక్కమ్మ భర్త క్రీస్తుదాసు చర్చిలో పెద్ద. దేవుడికి లేని మూలలు మనకెందుకయ్యా అని నవ్వాడు గానీ, పోనీ మేస్త్రీ మాట తీసేయడమెందుకని ఆ మూలకే సరేనన్నాడు. ఆదివారం ప్రార్థన ఆదివారానిదే, ఇల్లు ఇంటిదే కదా! రెబెక్కమ్మ ఒప్పుకోలేదు. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి ఆ కిటికీలోంచే కొడుతుంది, మంట నిలవదు అంది. నిజమే. ఉత్తరపు గోడకన్నారు. నా నీడ నా గిన్నెలోనే పడుతుంది అంది. అదీ నిజమే. ఏంజెలిన్ ఫోన్‌లో బొమ్మ చూపించి, గది నడిమధ్యన గట్టు కట్టించి అందులో పెట్టుకోమంది. పొయ్యి చుట్టూ తిరగడానికి నేనేమన్నా గానుగెద్దునా అని రెబెక్కమ్మ ఫోన్ పెట్టేసింది.

రాయి కోసే మనిషిని కామాక్షయ్య రెండుసార్లు పిలిపించి, రెండుసార్లూ టీ తాగించి పంపేశాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, కట్టించే ఇల్లాలిని ఓర్చి చూడు అని ఎవరూ అనలేదే అని వాపోయాడు పాపం.

రెబెక్కమ్మేమీ పంతానికి పోవడం లేదు. పొద్దునా సాయంత్రం సుద్దముక్క పట్టుకుని వంటింట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగేది. ఒకచోట గీత గీసి, దాని ముందు నిలబడి, ఉత్త చేత్తోనే గరిటె తిప్పినట్టు తిప్పి చూసేది. అంతలోనే వీపు వెనక ఏదో జరిగిపోతున్నట్టు ఉండేది. చటుక్కున వెనక్కి తిరిగేది. అక్కడేముంటుంది? సున్నం బకెట్టు. ఆ గీత తుడిపేసి ఇంకోచోట గీసేది. అక్కడా అంతే.

సంగతేమిటో ఆమెకు తెలుసు. పైకి చెప్పే దారే లేదు.

పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆమె కాపురం రొయ్యల గుంటల గట్టు మీదే. ఆ వంటపాకకు గుంటల వైపు గోడే లేదు. పొయ్యి ముందు కూర్చుంటే ఎదురుగా నీళ్ళు, ఆ నీళ్ళను చిలుకుతూ తిరిగే ఫ్యాన్లు. ఆ ఫ్యాన్లు తిరిగితేనే రొయ్యకు ఊపిరి. కరెంటు పోయి అవి ఆగాయో, కాసేపటికే రొయ్యలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అందుకే ఆ చప్పుడు ఆగిందంటే ఎవరి చేతిలో ఏముంటే అది పారేసి జనరేటర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే. రాత్రి కాపలా క్రీస్తుదాసుది, పగటిది రెబెక్కమ్మది. చేతులు వంటలో, చెవులు గుంటలో. ఎన్ని కూరలు మాడ్చిందో గానీ, ఒక్క రొయ్యను చావనివ్వలేదని పేరు తెచ్చుకుంది.

పోయినేడు క్రీస్తుదాసు జనరేటర్ పక్కనే కూలబడిపోయాడు. నెల్లూరులో గుండెకు స్టెంటు వేశారు. రాత్రి మేలుకోవడాలు, పరుగులు ఇక కుదరవన్నాడు డాక్టరు. గుంటలు క్రీస్తుదాసు తమ్ముడి కొడుకు రూఫస్‌కు కౌలుకిచ్చి, ఇదిగో, ఈ ఇల్లు మొదలుపెట్టారు. ఇల్లు పూర్తయ్యేదాకా పక్క వీధిలో అద్దెకుంటున్నారు.

గుంటలు వదిలి వచ్చిందన్న మాటే గానీ, రెబెక్కమ్మ చెవులు ఇంకా అక్కడే ఉన్నాయి. ఏమీ వినబడకపోతే ఆమెకు గుబులు. ఆ మాట క్రీస్తుదాసు చెవిన పడనిస్తే కొంప మునిగినట్టే. నా పెళ్ళానికి ఊళ్ళో పొద్దు పోవడం లేదు అన్న సాకు దొరికితే చాలు, మర్నాడే రూఫస్ దగ్గరికి పోయి గుంటలు వెనక్కి తీసుకుంటాడు. తీసుకుని ఎన్నాళ్ళు బతుకుతాడు? అందుకని ఆమె గుబులంతా పొయ్యి మీదికి తోసేసింది. గాలన్నది, నీడన్నది, గానుగెద్దన్నది.

నేల పాలిష్ మొదలైన రోజున ఒక చిత్రం జరిగింది. మిషన్ పొద్దున్నుంచీ హాల్లో గిర్రుమని నీళ్ళు చిమ్ముతూ తిరుగుతోంది. ఆ రొదకు క్రీస్తుదాసు వసారాలో కుర్చీ వేసుకుని హాయిగా కునుకు తీస్తున్నాడు. వంటింట్లో ఇటుకల మీద పాత పొయ్యి పెట్టి పనివాళ్ళకు టీ కాస్తున్న రెబెక్కమ్మకు ప్రాణం కుదుటపడింది. మళ్ళీ ఆగ్నేయ మూలే బాగున్నట్టనిపించింది. కిటికీకి రెక్క వేసుకుంటే పోలా అంది. ఆ మాట ఎక్కడ వెనక్కి తీసుకుంటుందోనని కామాక్షయ్య వెంటనే రాయి కోసేవాడికి ఫోన్ చేశాడు.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడో లేదో, కరెంటు పోయింది. మిషన్ ఆగిపోయింది. ఇల్లంతా ఒక్కసారి చడీచప్పుడు లేకుండా అయింది.

రెబెక్కమ్మ చేతిలోని టీ జల్లెడ ఎటు పడిందో ఆమెకే తెలియదు. తడి నేల మీద జారి, లేచి, పెరటి గుమ్మం దాటి పరుగెత్తింది. ఇంటి పక్క సందు మొదట్లో, అటునుంచి పరుగెత్తుకొస్తున్న క్రీస్తుదాసును దాదాపు ఢీకొట్టింది. ఆయన కాళ్ళకు చెప్పుల్లేవు, ఒక చెయ్యి గుండె మీద ఉంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎదురుగా ఉన్నది పక్కింటి వాళ్ళ బట్టల తీగ. గుంటా లేదు, జనరేటరూ లేదు.

ముందు తేరుకున్నది ఆమే. ఆయన్ను మెట్టు మీద కూర్చోబెట్టి, కొంగుతో విసురుతూ తిట్టింది. "నిన్నెవురు పరిగెత్తమనిండారు? డాక్టరు ఏం చెప్పినాడు నీకు?"

"నువ్వు యాడికి పరిగెత్తినావు మరి?" అన్నాడు రొప్పుతూ.

ఆయన ఊపిరి అందుకునేదాకా ఆగి, ఆమె దేనికి భయపడుతోందో ఆ మాటే అన్నాడు. "రెబెక్కా, నీ మనసు ఆడనే ఉండాదని నాకు తెలుసు. నాదీ ఆడనే ఉండాది. రూఫస్‌తో మాట్లాడతా. పోదాం పద."

రెబెక్కమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. పోదాం అనాలనే ఉంది, అబద్ధమెందుకు! ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. అప్పుడే ఆయన మెడ పక్కన నరం కొట్టుకోవడం కనబడింది. దాన్నే చూస్తూ ఉండిపోయింది. అది నెమ్మదించేదాకా కళ్ళు తిప్పలేదు. వీపు వెనక ఏం జరుగుతోందోనన్న గుబులు అంతసేపూ ఆమెకు గుర్తే రాలేదు.

"నాకు గుంటలొద్దు," అంది చివరికి. "కనిపెట్టుకుని ఉండేదానికి ఎదురుగా ఏదో ఒకటి ఉండాల, అంతే."

లేచి లోపలికి పోయి, వంటింటికీ హాలుకూ మధ్యనున్న గోడకు అడ్డంగా సుద్దతో పెద్ద గీత గీసింది. పొయ్యి ఈ గోడకే, పొయ్యికి ఎదురుగా గోడలో ఇంత కిటికీ కొట్టాలి, హాల్లో ఆయన కుర్చీ నాకు కనబడాలి అంది. పూతపూసి రంగేసిన గోడ అది. పైగా పడమటి వైపు తిరిగి వండకూడదమ్మా అని కామాక్షయ్య నెత్తి బాదుకున్నాడు. ఆమె వినలేదు. గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్న క్రీస్తుదాసు మాత్రం ఉడుక్కున్నాడు.

"నేనేమన్నా రొయ్యల గుంటనా, నన్ను కాపలా కాసేదానికి?"

"గుంటే మేలు," అంది రెబెక్కమ్మ. "దానికి జనరేటరన్నా ఉండాది."

ఆ సాయంత్రమే గోడ పగిలింది, రాయికి కన్నం పడింది.

ఇప్పుడు వాళ్ళు ఆ ఇంట్లోనే ఉంటున్నారు. పొద్దున టిఫినయ్యాక క్రీస్తుదాసు కుర్చీలో వాలి గురక పెడతాడు. కిటికీకి ఇవతల రెబెక్కమ్మ చేపల పులుసో, పప్పుచారో కాస్తూ ఉంటుంది. ఒక్కోసారి ఉన్నట్టుండి గురక ఆగిపోతుంది. ఆమె మంట తగ్గించి, కిటికీలోంచి తొంగిచూసి, "ఏమయ్యా?" అంటుంది.

ఆయన కళ్ళయినా తెరవడు. "కరెంటు ఉండాదిలే. పులుసు చూసుకో," అంటాడు.